అన్నీ తెలిసిన జడ్జి

ఈ ఊళ్ళో లా చదువుతున్న మన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ఆంటీ, ప్రాక్టీస్ ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. వాళ్ళు అడిగేది జీతం గురించని నాకు తెలుసు. దాని గురించి నేను చెప్పగలిగింది తక్కువ. పాపటోయిటోయి పేటలో చీరల కొట్టు పైన రెండు గదుల ఆఫీసులో నా సర్వీసంతా గడిచింది. కింద పెళ్ళి చీరల బేరాలు, పైన విడాకుల బేరాలు. ఒకే మెట్ల మీద రెండు రకాల కస్టమర్లూ ఎక్కి దిగేవారు.

నాకు తెలిసింది ఒక్కటే, అనుమానించడం. అనుమానం పెనుభూతం అంటారు. సంసారంలో అది నిజమే కావచ్చు. లా ఆఫీసులో మాత్రం ఆ భూతమే అన్నం పెడుతుంది. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడ ఆపాలో ఒక్క కేసుతో చెబుతాను. ఎక్కడ ఆపాలన్నది నాకు పూర్తిగా వంటబట్టలేదని ముందే చెబుతున్నాను.

గ్రేమ్ చదివే పద్ధతి

గుంటూరులో కొన్నాళ్ళు ప్లీడరుగా చేసి ఇక్కడికి వచ్చాక మళ్ళీ పరీక్షలు రాసి, గ్రేమ్ అనే ముసలి కివీ లాయరు దగ్గర చేరాను. ఇక్కడివాళ్ళను కివీలంటారు. మంచి లాయరేనా అంటే చెప్పలేను. శుక్రవారం మధ్యాహ్నమైతే మనిషి కనపడడు. మన పేర్లు ఒక్కటీ సరిగ్గా పలకడు. క్లయింటు ఏడిస్తే కిటికీలోంచి బయటికి చూస్తాడు. కానీ ఎదుటి లాయరు నుంచి ఏ ఉత్తరం వచ్చినా రెండుసార్లు చదివేవాడు. మొదటిసారి ఏం రాశారని, రెండోసారి ఇవాళే ఎందుకు రాశారని.

"మర్యాదగా ఉన్న ఉత్తరమైతే మూడోసారి కూడా చదువు" అనేవాడు.

నాకు ఆయన నేర్పిన న్యాయశాస్త్రం అంతే. మిగతాది పుస్తకాల్లో ఉంటుంది, మీరే చదువుకోండి.

సరళ అరచెయ్యి

రెండువేల దశకం మధ్యలో సరళ అనే అమ్మాయి ఆఫీసుకు వచ్చింది. కాకినాడ వైపు మనిషి. భర్త శ్రీనివాస్‌కి సిటీలో ఐటీ ఉద్యోగం. ఈమె ఎయిర్‌పోర్టు దగ్గర గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేసి, పగలు ఇంటి గరాజ్‌లో ఇడ్లీ పిండి రుబ్బి డబ్బాల్లో పోసి చుట్టుపక్కల డైరీలకు ఇచ్చేది. డైరీ అంటే పాలకేంద్రం అనుకునేరు, ఇక్కడ వీధి చివర చిల్లర కొట్టునే అలా అంటారు.

ఒకరోజు గ్రైండర్ మోటారు అంటుకుంది. గరాజ్, దాన్ని ఆనుకుని ఉన్న వంటగది కాలిపోయాయి. గరాజ్‌లో వ్యాపారం నడుస్తోందని తమకు చెప్పలేదంటూ బీమా వాళ్ళు చేతులెత్తేశారు. ఇక మిగిలింది ఆ గ్రైండర్‌ను ఇండియా నుంచి తెప్పించి అమ్మిన మోహనరావు గారి మీద దావా. ఆయనకు న్యూ లిన్ పేటలో వంటసామాన్ల కొట్టు ఉంది. మన పండగలకు భోజనాల ఖర్చు ఎప్పుడూ ఆయనదే. అందువల్ల మనవాళ్ళలో ఒక్కరూ సరళ వైపు నోరు విప్పలేదు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదు కదా, పులిహోర తిన్న చోట ఇంకా చేయకూడదు.

సరళ చెయ్యి కూడా కాలింది. దానికి దావా వేయడానికి లేదు. ఈ దేశంలో ఒంటికి గాయమైతే ప్రభుత్వమే వైద్యం చూసుకుంటుంది, దానికి బదులుగా నష్టపరిహారం దావా హక్కు ఉండదు. చెయ్యి కాలితే దావా లేదు, చెయ్యి పక్కనున్న గోడ కాలితే ఉంది. ఈ సంగతి చెబితే సరళ అత్తగారు కాంతమ్మ గారు, "ఇదేం దేశమే తల్లీ" అన్నారు. ఆవిడ హామిల్టన్‌లో పెద్ద కొడుకు దగ్గర ఉండేవారు. ప్రమాదం తెలిసి దిగారు. దిగిన రోజు నుంచీ ఒకటే పాట, కోడలు మోటారు వేసి వదిలేసి ఇల్లు తగలబెట్టిందని.

"పక్కనే ఉన్నానండి. మంట రాగానే స్విచ్ ఆపబోయాను, చెయ్యి కాలింది" అని సరళ ఫైరింజన్ వాళ్ళకు చెప్పింది, బీమా మనిషికి చెప్పింది, నాకూ చెప్పింది. ఆ మాటే వాంగ్మూలంలోకి ఎక్కింది.

నేను ఆమె చెయ్యి చూశాను. కాలింది అరచెయ్యి, మధ్యలో గుండ్రంగా. గ్రైండర్ స్విచ్ ఆపబోతే వేళ్ళ కొసలు కాలాలి. అరచెయ్యి గుండ్రంగా కాలిందంటే కాలుతున్న తలుపు గుబ్బను పట్టుకుని తిప్పిందన్న మాట. అంటే తలుపు బయట నుంచి తెరిచింది. లోపల లేదు.

అడగలేదు. మోయలేని జవాబు వస్తుందనుకుంటే ఆ ప్రశ్న ఇంకో రోజుకు దాచుకోవాలి. ఎదుటివాళ్ళను అనుమానించడం ఎవరైనా చేస్తారు. సొంత క్లయింటును అనుమానిస్తూ కూడా ఆమె పక్షాన నిలబడటమే మన వృత్తి.

చిన్న గది

మా ఇంజనీరు మోటారు విప్పి చూసి, వేడెక్కితే దానంతటదే ఆగిపోవలసిన స్విచ్ పనిచేయలేదని తేల్చాడు. మోహనరావు గారి లాయరు ఆ సంగతి మీద పెద్దగా వాదించలేదు. ఆయన గురి వేరు. ఆ స్విచ్ పోయినా, మనిషి పక్కనే ఉంటే పొగ వచ్చిన వెంటనే తీగ లాగేసేది, ఇల్లు కాలేది కాదు. యంత్రాన్ని వదిలి వెళ్ళడమే అసలు తప్పు. పక్కనే ఉన్నానన్న మాటను ఆయనా నమ్మలేదు. దావా మొత్తం ఆ ఒక్క ముక్క మీదే నిలబడింది.

విచారణకు ముందు రాజీ కోసం ఒక సమావేశం పెడతారు. జడ్జి రెండు పక్షాలతో కలిపి మాట్లాడతాడు, తర్వాత విడివిడిగా చిన్న గదుల్లో కూర్చుని మాట్లాడతాడు. గదిలో చెప్పింది గది దాటకూడదు. అలా రాజీ నడిపిన జడ్జి ఆ కేసును మళ్ళీ విచారించకూడదు, రెండు పక్షాలూ ఒప్పుకుంటే తప్ప. మంచి నియమమే. ఒప్పుకుంటే తప్ప అన్న మాట మీదే నాకు మొదటి నుంచీ అనుమానం.

మా జడ్జి సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. మోహనరావు గారు ఇస్తానన్న మొత్తం చెప్పాడు. ఇల్లు బాగుచేసుకోవడానికి సరిపోతుంది. షరతు ఏమిటంటే తప్పెవరిదో ఎవరూ ఎక్కడా చెప్పకూడదు.

"తీసేసుకుందాం ఆంటీ, గొడవ వదిలిపోతుంది" అన్నాడు శ్రీనివాస్.

సరళ తల అడ్డంగా ఊపింది. "గోడలు లేస్తాయండి. మా ఇంట్లో మాట పోదు. తప్పు నాది కాదని ఎవరో ఒకరు అనాలి."

జడ్జి ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఆ సమయంలో మీరు ఏం చేస్తున్నారు?"

అడ్డుపడదామని నేను నోరు తెరిచేలోపే ఆమె ఇంగ్లీషులో చెప్పేసింది. "పడుకున్నాను సర్. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, పప్పు వేసి మోటారు ఆన్ చేసి, సోఫా మీద నడుం వాల్చాను. నిద్ర పట్టేసింది. పొగ వాసనకి లేచాను. పక్కన ఉన్నానని అబద్ధం చెప్పాను."

"ఎందుకు చెప్పారు?"

"భయం సర్."

ఆమె ఎవరి వైపూ చూడలేదు. శ్రీనివాస్ తన బూట్ల వైపు చూశాడు. ఆ చూపును కూడా నేను ఒక మూల దాచిపెట్టుకున్నాను.

జడ్జి తన పుస్తకం మూసేశాడు. పక్కన ఉన్నానన్న ఆ పాత వాంగ్మూలంతో నేనిక కోర్టులో అడుగుపెట్టలేను. దాన్ని దిద్ది తీరాలి. దిద్దితే ఎదుటి లాయరుకు పండగ.

వాళ్ళెందుకు ఒప్పుకున్నారు?

రాజీ కుదరలేదు. విచారణ తేదీ అడిగితే వచ్చే ఏడాది అన్నారు కోర్టువాళ్ళు. సరళ వాళ్ళు అటు కాలిన ఇంటి అప్పు, ఇటు అద్దె కడుతున్నారు. అంతలో కోర్టు నుంచి ఒక కబురు. రాజీ నడిపిన జడ్జి దగ్గర ఏదో కేసు రద్దయి ఒక వారం ఖాళీ వచ్చింది, రెండు పక్షాలూ ఒప్పుకుంటే వచ్చే నెలలోనే ఆయనే వింటారు.

ఎదుటి లాయరు అదే రోజు ఒప్పుకున్నాడు. ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. నేను మూడుసార్లు చదివాను.

మన శత్రువు ఇంత త్వరగా ఎందుకు ఒప్పుకున్నాడు? వాళ్ళ గదిలో జడ్జి ఏమన్నాడు? మేము వాంగ్మూలం దిద్దబోతున్నామని వాసన పట్టాడా? గదిలో విన్నది జడ్జి మరిచిపోవాలని నియమం. చెవులు నియమాలు చదవవు. ఈమె అబద్ధమాడిందని ఆయన తలలో ఉండనే ఉంది. పైగా ఆయన ఏమీ అనకుండా ఊరుకున్నాడు. మాట్లాడని జడ్జి అంటే నాకు మొదటి నుంచీ భయమే.

శ్రీనివాస్ అనుమానం వేరే దారిన పోయింది. "వాళ్ళూ వాళ్ళూ ఒకటే ఆంటీ. జడ్జీ తెల్లాయనే, లాయరూ తెల్లాయనే."

"ఎదుటి క్లయింటు మన మోహనరావు గారేగా బాబూ. ఆయన ఎప్పుడు తెల్లబడ్డాడు?" అన్నాను.

గ్రేమ్‌ను అడిగాను. గ్రేమ్ కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "ఆ జడ్జికి అంతా తెలుసని నీ భయం. కొత్త జడ్జికి ఏమీ తెలియదని నీ ధైర్యం. ఆ ధైర్యం దేని మీద నిలబడిందో చూసుకో."

అలాంటి మాటలు చెప్పి, శుక్రవారం కాకపోయినా లేచి వెళ్ళిపోయాడు.

సరళను పిలిచి నా సలహా చెప్పాను. ఒప్పుకోవద్దు, ఏడాది ఆగుదాం, ఈ మధ్యలో నిదానంగా వాంగ్మూలం దిద్దుదాం, కొత్త జడ్జి శుభ్రమైన మనసుతో వింటాడు. ఓడిపోతే ఎదుటివాళ్ళ కోర్టు ఖర్చులు కూడా మీ నెత్తిన పడతాయి, అప్పుడు ఇల్లు మిగలదని కూడా చెప్పాను. ఆమె అంతా విని, చీర కొంగుతో ఆ అరచెయ్యి తుడుచుకుంది. గాయం మానినా ఆ అలవాటు పోలేదు.

"ఆంటీ, కొత్తాయన నన్ను మొదటిసారి ఎలా చూస్తాడండి? మాట మార్చిన మనిషిగా చూస్తాడు. ఆ ఎదుటాయన కాయితం ఊపుతూ, అప్పుడు అలా చెప్పావు, ఇప్పుడు ఇలా చెబుతున్నావు అంటాడు. ఈ జడ్జి గారికి నా నోటితో నేనే చెప్పుకున్నాను, ఎవరూ నిలదీయకముందే. తెలియనాయన ముందు కొంచెం కొంచెం దాచుకుంటూ నిలబడాలండి. అన్నీ తెలిసినాయన ముందు దాచుకునేదేముంది?"

"విన్నది ఆయన గుర్తుపెట్టుకోకూడదమ్మా."

"ఆయన గుర్తుపెట్టుకోకపోయినా పరవాలేదండి. నాకు గుర్తుంటుంది కదా, చెప్పేశానని."

ఇప్పుడు మీలో తెలివైనవాళ్ళు, క్లయింటు చెప్పిందే కరెక్టు, లాయరు చెప్పింది తప్పు అని రాసుకుంటారు. రాసుకోండి. రేపు అలాంటి కేసు మళ్ళీ వస్తే నేను మళ్ళీ ఒప్పుకోవద్దనే చెబుతాను. సలహా ఇవ్వడం నా పని. ప్రాణం ఒడ్డడం ఆమె పని. ఆ రెండూ కలిపేసుకున్న లాయర్లను చూశాను, వాళ్ళకు రాత్రి నిద్ర ఉండదు, క్లయింటుకు ఇల్లు ఉండదు.

సరళ సంతకం చేసింది. మేము ఒప్పుకున్నాం.

బోనులో

వాంగ్మూలం దిద్ది ఇచ్చాం. ఎదుటి లాయరు అనుకున్నట్టే విరుచుకుపడ్డాడు.

"పక్కనే ఉన్నానని చెప్పారు. అది అబద్ధం?"

"అబద్ధమేనండి."

"బీమా మనిషికి చెప్పిందీ అబద్ధం?"

"అదీ అబద్ధమే."

"ఎందుకు?"

"భయపడి."

"ఎవరికి?"

సరళ తల వంచుకుంది. ఎదుటి లాయరు మళ్ళీ అడగబోయాడు. జడ్జి చెయ్యి కొంచెం పైకెత్తి, ముందుకు వెళ్ళమన్నాడు. ఆ చెయ్యి ఎవరికి సాయం చేసిందో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. పాత భయమంతా మళ్ళీ వచ్చింది. వెనక వరసలో శ్రీనివాస్, ఆయన పక్కన కాంతమ్మ గారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కోడలు తల వంచుకుందన్నది మాత్రం చూస్తున్నారు.

మర్నాడు మోహనరావు గారు బోనెక్కారు. నేను లేచాను. యంత్రం గురించి కొంచెం, కాగితాల గురించి కొంచెం అడిగాను. ఆయన నిబ్బరంగా చెప్పారు. అప్పుడు అడిగాను.

"మీ ఇంట్లో ఇలాంటి గ్రైండర్ ఉందా అండీ?"

"ఉంది."

"దాన్ని ఎక్కడ పెట్టుకున్నారు?"

ఆయన తన లాయరు వైపు చూశారు. "గరాజ్‌లో."

"ఎందుకని?"

"చప్పుడు ఎక్కువ. ఇంట్లో భరించలేం."

"పిండి రుబ్బినంతసేపూ మీ ఆవిడ గరాజ్‌లో దాని పక్కనే నిలబడి ఉంటారా?"

వెనక బెంచీ నుంచి నవ్వు వినిపించింది. అందరం తిరిగి చూశాం. మోహనరావు గారి భార్య ఇందిర గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేలోపే ఆ నవ్వు బయటికి వచ్చేసింది. కోర్టు హాల్లో అలాంటి నవ్వు నేను మళ్ళీ వినలేదు. అత్తగారి కాలం నుంచీ పప్పు రుబ్బిన ఏ ఆడమనిషికైనా వచ్చే నవ్వే అది. గ్రైండర్ పక్కన కాపలా నిలబడటమా!

"లేదు" అన్నారు మోహనరావు గారు.

"మరి ఎక్కడ ఉంటారు?"

"లోపల. ఏదో పనిలో."

జడ్జి తల వంచి నెమ్మదిగా రాసుకున్నాడు.

జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని మీకు నేర్పిస్తారు. నాకు జవాబు తెలుసు. మా గరాజ్‌లోనూ గ్రైండర్ ఉంది. మన ఊరి తెలుగువాళ్ళందరి గరాజుల్లోనూ ఉంది. ఇన్ని నెలలూ మేమందరం, సరళ, శ్రీనివాస్, వాంగ్మూలం రాసిన నేనూ, ఒక పెద్ద రహస్యంలా దాచుకున్నది రోజూ ప్రతి ఇంట్లో జరిగే సంగతి. తెల్లవాళ్ళకు తెలిస్తే ఏమనుకుంటారో అని దాచాం. ఇలా దాచుకోవడం మనవాళ్ళు మాత్రమే చేసే తప్పు. ఎదుటి లాయరు తెల్లాయన కాబట్టి యంత్రాన్ని వదిలి వెళ్ళడం నేరంలా వినిపించగలిగాడు. మేము మనవాళ్ళం కాబట్టి అది నేరమేనని నమ్మేశాం.

ఇందిర గారి నవ్వు పొరపాటున వచ్చిందా, కావాలని వచ్చిందా? నాకు ఇప్పటికీ అనుమానమే. భోజనాల విరామంలో ఆవిడ సరళ పక్క నుంచి వెళుతూ ఒక్క క్షణం ఆగి, "చెయ్యి తగ్గిందా అమ్మా?" అని అడిగి వెళ్ళిపోయారు.

ఎదుటి లాయరు ఎందుకంత త్వరగా ఒప్పుకున్నాడో కూడా తర్వాత అడిగాను. కేసు అయిపోయాక లాయర్లం మళ్ళీ మనుషులమవుతాం. ఆయన కాఫీ కలుపుకుంటూ, "వచ్చే ఏడాది తేదీ నా వేసవి సెలవుల్లో పడింది, సముద్రం ఒడ్డున ఇల్లు ముందే తీసుకున్నాను" అన్నాడు. అంతేనట. దానికోసం నేను రాత్రుళ్ళు లేచి కూర్చున్నాను. ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదనుకోండి.

తీర్పు

సరళ గెలిచింది. తీర్పు కాపీ వచ్చిన రోజు ముగ్గురూ ఆఫీసుకు వచ్చారు. కాంతమ్మ గారికి అర్థమయ్యేలా తెలుగులో చెప్పమన్నాడు శ్రీనివాస్. మెల్లగా నా చెవిలో, "ఆ చివరి ముక్క ఒక్కటి చదవండి ఆంటీ, చాలు" అన్నాడు.

జడ్జి పక్కపక్కనే రెండు మాటలు రాశాడు. కోర్టులో విన్నవాటి మీదే, గదిలో విన్నవాటి మీద కాదు. నేను ఏ ముక్క చదవాలా అని చూస్తున్నాను. సరళ నా వైపు వంగింది.

"రెండూ చదవండి ఆంటీ."

చదివాను. జడ్జి మాటలివి: ఈమె మొదట అబద్ధం చెప్పింది, ఎవరికి భయపడిందో చెప్పలేదు, నేను ఒత్తిడి చేయలేదు. యంత్రం నడుస్తుండగా ఆమె పక్కన లేకపోవడం తప్పు కాదు, ఇంట్లో ఎవరూ అలా నిలబడరు, ఇల్లు కాలడానికి కారణం ఆమె కాదు.

కాంతమ్మ గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మళ్ళీ పెట్టుకుని కోడలి వైపు తిరిగారు.

"నీ తప్పు లేనప్పుడు మరి అబద్ధం ఎందుకు చెప్పావే?"

సరళ అరచెయ్యి చూసుకుంటూ కూర్చుంది. బోనులో చెప్పనిది ఇక్కడా చెప్పదని నాకు అర్థమైంది. కింద చీరల కొట్టులో ఎవరో బేరమాడుతున్నారు. గదిలో నలుగురం ఉన్నాం, ముగ్గురికి జవాబు తెలుసు.

శ్రీనివాస్ గొంతు సవరించుకున్నాడు. ఈసారి బూట్ల వైపు చూడలేదు.

"నేనే చెప్పమన్నానమ్మా" అన్నాడు. "నువ్వేమంటావోనని."